ఓడలోని వాళ్ళు ఏమయ్యారు?

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పంతులుగా పనిచేశాను. అందులో చివరి పదకొండేళ్ళు హెడ్మాష్టరుగా ఉన్నాను. ఇన్నేళ్ళలో పిల్లలు నన్ను వేల ప్రశ్నలు అడిగారు. తెలిసినవాటికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. తెలియనివాటికి, "రేపు చెబుతాను" అని ఇంటికి వెళ్ళి, పుస్తకాలు తిరగవేసేవాణ్ణి. కాని ఒక్క ప్రశ్నకు మటుకు జవాబు చెప్పటానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. ఆ సంగతే ఇప్పుడు మీకు చెబుతాను.

మా బడి ఇప్పటి బాపట్ల జిల్లాలో, సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నది. చుట్టూ ఉప్పుమళ్ళు. గాలి ఇటు మళ్ళితే పుస్తకాలు కూడా ఉప్పగా ఉన్నవా అనిపించేది. 1998లో నేను ఆరో తరగతికి పాఠాలు చెబుతూ ఉండేవాణ్ణి. శనివారం చివరి గంటలో కథలు చెప్పటం నాకు అలవాటు. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓడదొంగల కథ. ఒంటికన్ను నాయకుడు, అతని కర్రకాలు, భుజం మీద చిలక, దీవిలో పాతిపెట్టిన బంగారం - ఇవన్నీ నేను గొంతు మార్చి మార్చి చెబుతుంటే, పిల్లలు కదలకుండా వినేవారు.

ఒక శనివారం కథ అయిపోయింది. దొంగలు ఓడను దోచుకుని, బంగారంతో దీవి చేరుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

"మేష్టారూ, ఆ ఓడలోని వాళ్ళు ఏమయ్యారండీ?" అన్నాడు.

తరగతి అంతా గొల్లున నవ్వింది. నేను కూడా నవ్వాను. "అది కథలో లేదురా, కూర్చో," అన్నాను. వాడు కూర్చున్నాడు.

ఇంటికి వెళుతుంటే దారిలో నాకు గుర్తుకు వచ్చింది. ఆ పిల్లవాడి తండ్రి మూడేళ్ళ క్రితం చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ సంగతి నేను ఎరుగుదును. ఎరిగి ఉండి కూడా నవ్వాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

వాడు పెద్దవాడై, ఓడపని నేర్చుకుని, సరకుల ఓడలో నావికుడుగా చేరాడు. వెళ్ళేముందు తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఉప్పుమళ్ళలో కూలిపని చేసి వాణ్ణి పెంచిన తల్లి ఆమె. సముద్రం పేరు చెబితేనే ఆమెకు భయం. "ఏమీ భయంలేదమ్మా, ఇప్పటి ఓడలు ఊళ్ళంత ఉంటాయి. తుపానులు వాటిని ఏమీ చెయ్యలేవు," అని నేనే ధైర్యం చెప్పాను. నేను చెప్పిన ధైర్యం మీదనే ఆమె కొడుకును పంపింది.

2010 నవంబరులో ఒక సాయంత్రం ఆమె బడికి వచ్చింది. అప్పటికి నేను కొత్తగా హెడ్మాష్టరునైనాను. ఆమె చేతిలో ఒక వార్తాపత్రిక ముక్క ఉన్నది. సోమాలియా దొంగలు భారతీయ నావికులున్న ఓడను పట్టుకున్నారని అందులో ఉన్నది.

"మావాడి ఓడ కాదట. కాని మావాడి ఓడ కూడా ఆ దోవనే వస్తున్నదట. ఆ దోవ ఎక్కడో చూపించండి, మేష్టరుగారూ," అన్నది.

నేను గోడమీది ప్రపంచ పటం దగ్గరికి ఆమెను తీసుకువెళ్ళాను. ఆమెకు చూపిన దోవనే మీకు కూడా చూపిస్తాను. మీ అట్లాసు తెరవండి.

ఐరోపా నుంచి మన దేశానికి వచ్చే ఓడ మధ్యధరా సముద్రం దాటి, సూయజ్ కాలువలో ప్రవేశిస్తుంది. 1869లో తెరిచిన ఈ కాలువ పొడవు ఇప్పుడు 193 కిలోమీటర్లు. కాలువ దాటితే ఎర్ర సముద్రం. దాని చివర బాబ్-ఎల్-మాండెబ్ అనే ఇరుకైన జలసంధి. ఆ పేరుకు అర్థమేమిటో తెలుసునా? కన్నీటి ద్వారం! అది దాటితే ఏడెన్ సింధుశాఖ. దానికి ఉత్తరాన యెమెన్, దక్షిణాన సోమాలియా. ఆ తరవాత అరేబియా సముద్రం, ఆపైన మన దేశం.

"అంత ప్రమాదమైతే వేరే దోవన రాకూడదా?" అని ఆమె అడిగింది. రావచ్చు. ఆఫ్రికా ఖండాన్ని మొత్తం చుట్టి, గుడ్ హోప్ అగ్రం మీదుగా రావచ్చు. కాని అందుకు అదనంగా పదిరోజులకు పైగా పట్టవచ్చు. అన్ని రోజుల చమురు ఖర్చు, జీతాలు సరకు ధరలో చేరుతాయి. చివరకు ఆ ఖర్చు పడేది మన ఇంటి మీదనే.

మన ఇంటికీ ఓడలకూ ఏం సంబంధమని మీరు అనవచ్చు. ఒకసారి వంటింట్లోకి వెళ్ళి చూడండి. పామాయిలు ఇండొనీషియా, మలేషియాల నుంచి వస్తుంది. కందిపప్పు మన పొలాల్లో పండేది చాలక మొజాంబిక్ నుంచి కూడా తెప్పించుకుంటాము. మీ నాన్నగారి మోటారుసైకిలులో పోసే పెట్రోలు ఒకప్పుడు ఏ ఇరాకులోనో భూమిలో ఉన్న ముడిచమురే. మనవి కూడా ఇలాగే వెళతాయి. భీమవరం చెరువులలో పెరిగిన రొయ్యలు మంచుపెట్టెలలో అమెరికా చేరుతున్నాయి. ప్రపంచ వ్యాపారంలో, బరువు లెక్కన, నూటికి 80 పాళ్ళకు పైగా సముద్రం మీదనే సాగుతుంది. మన దేశపు విదేశీ వ్యాపారంలోనైతే అది నూటికి దాదాపు 95 పాళ్ళు!

ఇంత సరకునూ మోసేది ఎందరనుకున్నారు? ఇప్పటి అతి పెద్ద ఓడలు, ఇరవై అడుగుల పొడవుండే ఇనుపపెట్టెలను 24,000 దాకా మోస్తాయి. అటువంటి ఓడమీద కూడా ఉండేది సుమారు పాతికమంది మనుషులు! ఓడ ఊరంత ఉంటుందని నేను ఆ తల్లితో చెప్పినమాట నిజమే. కాని ఆ ఊళ్ళో జనం లేరు. అది నేను చెప్పలేదు.

అంత పెద్ద ఓడను చిన్నపడవలలో వచ్చేవాళ్ళు ఎలా పట్టుకుంటారు? ఇది లెక్కల ప్రశ్న. సముద్రం మీద దూరాన్ని సముద్రపు మైళ్ళలో కొలుస్తారు. ఒక సముద్రపు మైలు 1,852 మీటర్లు. మా కుర్రవాడి ఓడ గంటకు 12 సముద్రపు మైళ్ళు పోతుంది. అంటే సుమారు 22 కిలోమీటర్లు. మీరు రొప్పుతూ సైకిలు తొక్కితే పోయేటంత వేగమన్నమాట! దొంగల మరపడవలు గంటకు 25 సముద్రపు మైళ్ళు పోగలవు. ఓడ వెనక 5 సముద్రపు మైళ్ళ దూరంలో పడవ కనిపిస్తే, అది ఓడను అందుకోవటానికి ఎంతసేపు పడుతుంది? కాగితం తీసి లెక్కకట్టండి. అరగంట కూడా పట్టదు! అందుకుంటే, కొక్కేలున్న నిచ్చెనను ఓడ అంచుకు తగిలించి, తుపాకులతో పైకి ఎక్కుతారు. గంటకు 18 సముద్రపు మైళ్ళకు మించి పోయే ఓడలను ఎక్కటం వాళ్ళకు సాధ్యం కాలేదు. అందుచేత వాళ్ళు మెల్లగా పోయేవాటినీ, అంచు నీటికి దగ్గరగా ఉండేవాటినీ ఎంచుకునేవారు.

పూర్వకాలపు దొంగలు సరకు దోచుకునేవారు. సోమాలియా దొంగలకు సరకుతో పని లేదు. 2008 నవంబరులో వాళ్ళు సిరియస్ స్టార్ అనే చమురు ఓడను పట్టుకున్నారు. దాని పొడవు 330 మీటర్లు. అందులో సుమారు 20 లక్షల పీపాల ముడిచమురు ఉన్నది. అంత చమురును ఒడ్డుకు చేర్చి ఎవరికి అమ్ముతారు? వాళ్ళకు కావలసింది అందులో ఉన్న 25 మంది మనుషులూ, ఆ ఓడా. వాటిని విడిచిపెట్టటానికి డబ్బు అడిగారు. 2009 జనవరిలో డబ్బుమూటను విమానంలోంచి గొడుగు కట్టి జారవిడిచిన తరవాతనే ఆ ఓడను వదిలారు.

అప్పుడు నాకు అర్థమయింది, పిల్లలూ! నేను చెప్పిన కథలో దొంగలు బంగారాన్ని దీవిలో పాతిపెట్టారు. ఈ కాలపు కథలో ఆ బంగారం ఓడలోని మనుషులే. 2010లో ప్రపంచం మొత్తం మీద 1,181 మంది నావికులు సముద్రపు దొంగలకు బందీలైనారు. పన్నెండేళ్ళ క్రితం నేను ఎవరిని కథలోంచి వదిలేశానో, అసలు కథ వాళ్ళదే!

ఆ రోజు నుంచి ఆమె ప్రతి సాయంత్రం పని ముగించుకుని, ఉప్పు అంటిన కాళ్ళతోనే బడికి వచ్చేది. "ఇవాళ ఎక్కడున్నాడంటారు, మేష్టరుగారూ?" అని అడిగేది. ఓడ సూయజ్ దాటిన తేదీ మాకు తెలుసు. రోజుకు 288 సముద్రపు మైళ్ళ చొప్పున లెక్కకట్టి, పటం మీద గుండుసూది గుచ్చేవాణ్ణి. ఏడెన్ సింధుశాఖలో 2009 నుంచి ఓడలకు ఒక దారి ఏర్పాటు చేశారు. దాని పొడవు దాదాపు 490 సముద్రపు మైళ్ళు. మన దేశంతో సహా అనేక దేశాల యుద్ధనౌకలు అక్కడ కాపలా కాసేవి. గుండుసూది ఆ దారిని దాటిన రోజున నేను, "గండం గడిచిందమ్మా, ఇక అంతా విశాలమైన సముద్రమే," అన్నాను.

నా మాట మళ్ళీ తప్పయింది. కాపలా ఎక్కువైనకొద్దీ దొంగలు ఇంకా దూరం పోసాగారు. పెద్ద పడవనొకదాన్ని పట్టుకుని, దానిమీద తిండి, నూనె, చిన్నపడవలు వేసుకుని, తీరానికి వందల మైళ్ళ దూరంలో కాచుకుని ఉండేవారు. విశాలమైన సముద్రమే వాళ్ళకు అనువైనది.

గుండుసూది ముంబాయి చేరింది. కబురు రాలేదు. మరునాడు కూడా రాలేదు. ఆమె ఏమీ అడగకుండా పటం ముందు కూర్చున్నది. నేను ఏమీ చెప్పలేకపోయాను. మూడోనాడు పొద్దున్నే టెలిఫోను మోగింది. "మేష్టారూ, ఒడ్డున పడ్డామండీ. అమ్మకు చెప్పండి," అన్నాడు. నేను పరుగెత్తుకుంటూ ఉప్పుమళ్ళకు వెళ్ళాను.

సంక్రాంతికి వాడు ఇంటికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాడు. ఓడ అంచు చుట్టూ ముళ్ళతీగ కట్టారట. గడ్డి కుక్కిన బొమ్మలకు చొక్కాలు తొడిగి, కాపలావాళ్ళలాగా నిలబెట్టారట. ఏడెన్ దాటిన రెండోనాడు తెల్లవారుజామున, రెండు పడవలు వెంటబడ్డాయి. కెప్టెను ఓడను వంకరటింకరగా నడిపించాడు. అలలు లేచి, పడవలు ఊగిపోయాయి. ఒకసారి నిచ్చెన ఓడకు తగిలింది గాని, ముళ్ళతీగలో చిక్కుకుని జారిపోయింది. నలభై నిమిషాలు తరిమి, పడవలు వెనక్కు తిరిగాయి. కెప్టెను దోవ మార్చి దక్షిణంగా చాలా దూరం తిప్పి తెచ్చాడు. అందుకే ఆలస్యమైనది.

"నేను దుర్భిణీలోంచి చూస్తూనే ఉన్నానండీ," అన్నాడు వాడు. "నిచ్చెన పట్టుకున్నవాడు కుర్రవాడు. పదహారేళ్ళు ఉంటాయేమో. చిరిగిన చొక్కా, బక్కచేతులు. మన పల్లెపాలెం పిల్లలలాగానే ఉన్నాడండీ."

ఆ మాట విన్న తరవాత, సోమాలియా గురించి దొరికినవన్నీ తెప్పించుకుని చదివాను. ఆ దేశపు సముద్రతీరం 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్నది. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోయి, అంతర్యుద్ధం సాగింది. నావికాదళం లేదు, తీరాన్ని కాచేవాడు లేడు. ఇది చూసి, పరదేశాల పెద్ద పడవలు వచ్చి, అనుమతి లేకుండా అక్కడి చేపలను దోచుకోసాగాయి. జాలరులలో కొందరు ఆయుధాలు పట్టి, ఆ పడవలను ఆపి, జరిమానా వసూలు చేయటం మొదలుపెట్టారు. డబ్బు రుచి తెలిసింది. తుపాకులున్నవాళ్ళూ, పెట్టుబడి పెట్టేవాళ్ళూ వచ్చి చేరారు. కొద్దికాలంలోనే అది పెద్ద వ్యాపారమై కూర్చున్నది.

ప్రపంచ బ్యాంకు 2013లో ఈ వ్యాపారపు లెక్కలు బయటపెట్టింది. 2005 నుంచి 2012 దాకా 179 ఓడలను పట్టుకుని, వాళ్ళు సుమారు 34 కోట్ల నుంచి 41 కోట్ల డాలర్ల దాకా గుంజారట. అందులో పడవ ఎక్కి ప్రాణాలకు తెగించినవాడికి దక్కింది నూటికి ఒకటి రెండు పాళ్ళు. ఇంట్లో కూర్చుని పెట్టుబడి పెట్టినవాడికి దక్కింది నూటికి 30 నుంచి 50 పాళ్ళు!

అయితే, పేదరికం ఉన్నది గనక దొంగతనం న్యాయమని నేను అనను సుమా! సోమాలియాలో ఎందరో జాలరులు ఆకలితో ఉండి కూడా దొంగలు కాలేదు. దొంగలు పట్టుకున్నది కూడా ధనవంతులను కాదు, జీతానికి పనిచేసే నావికులను. 2010 సెప్టెంబరులో పట్టుకున్న అస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడ సంగతి చూడండి. డబ్బు తీసుకుని 2011లో ఓడను వదిలారు గాని, ఏడుగురు భారతీయులను మటుకు వదలలేదు. మన నావికాదళం పట్టుకున్న తమవాళ్ళను విడిచిపెట్టాలని పట్టుబట్టారు. ఆ ఏడుగురూ విడుదల అయినది 2014 అక్టోబరులో! నాలుగేళ్ళ పాటు ఏడిళ్ళలో ఎవరో ఒకరు రోజూ, "ఇవాళ ఎక్కడున్నాడో," అనుకునే ఉంటారు.

భయం ఇంకొక విధంగా కూడా ప్రాణాలు తీసింది. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరాన, ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడమీది సైనికులు, ఒక చేపలపడవను దొంగల పడవ అనుకుని కాల్చారు. ఇద్దరు జాలరులు చనిపోయారు. వాళ్ళు ఎవరి వస్తువూ దొంగిలించలేదు.

ముళ్ళతీగలు, ఓడలమీద కాపలా, యుద్ధనౌకలు - వీటివల్ల సోమాలియా దొంగల దాడులు 2011లో 237 ఉన్నవి, 2013లో 15కు తగ్గాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని 2023 చివర ఎర్ర సముద్రంలో హౌతీల దాడులు మొదలై, యుద్ధనౌకలు అటు తిరగగానే, దొంగలు మళ్ళీ బయలుదేరారు. ఆ డిసెంబరులో రుయెన్ అనే ఓడను పట్టుకున్నారు. 2024 మార్చి 16న మన నావికాదళం ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా నౌకనూ, విమానంలోంచి గొడుగులతో దిగిన వీరులనూ పంపి, 17 మంది నావికులను విడిపించింది. 35 మంది దొంగలు లొంగిపోయారు. మనవాళ్ళు చేసింది గొప్ప పని. అయితే దొంగతనం మళ్ళీ ఎందుకు మొదలైనది? ఆ మొక్క వేరు సముద్రంలో లేదు, ఒడ్డున ఉన్నది. ఒడ్డున న్యాయం, పని, కాపలా ఉంటేనే సముద్రం భద్రంగా ఉంటుంది.

ఇది కొత్తమాట కాదు. మా బడికి కొద్ది మైళ్ళ దూరంలో మోటుపల్లి ఉన్నది. ఇప్పుడు చిన్న ఊరు గాని, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతాన తీసుకునేవారట. అంటే ఒడ్డున ఉన్న రాజే దోపిడీ చేసేవాడన్నమాట! 1244లో గణపతిదేవ చక్రవర్తి అభయశాసనం వేయించి ఆ పని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి కష్టాన్ని తలచి, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఆ శాసనం ఇప్పటికీ ఉన్నది. ఏటేటా నేను పిల్లలను తీసుకువెళ్ళి చూపించేవాణ్ణి. 2010 తరవాత దాన్ని చూస్తే నాకు సంవత్సరమూ, రాజు పేరే కాదు, "ఓడలోని వాళ్ళు ఏమయ్యారు?" అని ఆలోచించిన ఒక మనిషి కనిపించేవాడు.

నేను ఉద్యోగం విరమించే ముందు, వాణ్ణి ఒకసారి బడికి పిలిచాను. అప్పటికి వాడికి ఇద్దరు పిల్లలు. ఆరో తరగతి పిల్లలకు తన ఓడ సంగతి అంతా చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, నిచ్చెన పట్టుకున్న ఆ అబ్బాయి ఏమయ్యాడండీ?" అని అడిగింది.

కొందరు నవ్వబోయారు. మా వాడు నవ్వలేదు. నా వంక చూసి, తరవాత ఆ పిల్ల వంక తిరిగి, "నాకు తెలియదమ్మా. కాని ఆ సంగతి నేను కూడా చాలాసార్లు ఆలోచించాను. కూర్చో, చెబుతాను," అని సోమాలియా ఎక్కడ ఉన్నదో పటంలో చూపించాడు.

ఆ పటం మీద నా గుండుసూదులు గుచ్చిన చిల్లులు ఇంకా అలాగే ఉన్నాయి.